బేస్ ఆగిపోతే, గిటార్ పాడైందనుకున్నారు

నాలుగు తీగలు రాశారు:

మొన్న రిహార్సల్‌లో జరిగింది చెప్పి మొదలుపెడతాను. మూడో పాట మధ్యలో నా బేస్ గిటార్ కేబుల్ పోయింది. జాక్ దగ్గర సోల్డర్ ఊడినట్టుంది, ఆంప్‌లోంచి (శబ్దం పెంచే యాంప్లిఫయర్) ఒక్కసారి టప్‌మని శబ్దం వచ్చి ఆగిపోయింది. నేను తీగలు మీటుతూనే ఉన్నాను, బయటికి ఏమీ రావడం లేదు.

అప్పుడు మా గిటారిస్ట్ నా వైపు చూడలేదు. వాయిస్తూనే వంగి తన ఆంప్ మీద బేస్ నాబ్ పెంచాడు. సరిపోలేదు. మిడ్ నాబ్ (మధ్య శ్రేణి శబ్దాలది) తిప్పాడు. గిటార్ శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్ పెడల్ ఒకసారి ఆపి మళ్లీ వేశాడు. డ్రమ్మర్ అయితే తల పక్కకి వంచి కాలితో కొట్టే తన కిక్ డ్రమ్ వంక అనుమానంగా చూస్తున్నాడు. ఒక చరణం మొత్తం అలాగే నడిచింది. చివరికి పాట ఆపి గిటారిస్ట్ అన్న మాట: "నా సౌండ్ ఏంట్రా ఇంత పీలగా అయిపోయింది?"

నేను వేరే కేబుల్ పెట్టాను. మళ్లీ ఎత్తుకున్నాం. రెండు తాళావర్తాలు (బార్లు) గడిచాక వాడి మొహం వెలిగిపోయింది. "ఆ, ఇప్పుడు సెట్ అయింది నా గిటార్" అన్నాడు.

వాడు మంచి గిటారిస్ట్, నాకు ప్రాణ స్నేహితుడు, కాబట్టి ఇది వాడి మీద ఫిర్యాదు కాదు. కానీ ఆరేళ్లుగా పక్కన నిలబడి వాయిస్తున్న మనిషికే తన సౌండ్‌లో సగం నా చేతిలోంచి వస్తోందని తెలియకపోతే, జనంలో నిలబడి వినేవాళ్లకి ఎలా తెలుస్తుంది? రాక్‌లోనూ మెటల్‌లోనూ బేస్ వాయించేవాడు ఎందుకు ఆటలో అరటిపండు అయిపోయాడు? మీ మీ అనుభవాలు రాయండి. బేస్ ఏం చేస్తుందో కొత్తవాళ్లకి వినిపించాలంటే ఏ పాటలు పెడతారో కూడా చెప్పండి.

---

ఆరో తీగ రాశారు:

నేను గిటారిస్ట్‌ని. మీ బాధ అర్థమైంది కానీ మనసులో మాట చెప్తాను, ఏమీ అనుకోవద్దు. మెటల్‌లో చాలా బ్యాండ్లలో బేసిస్ట్ చేసేది గిటార్ రిఫ్‌నే (పాటలో పదేపదే వచ్చే స్వరాల ముక్క) ఒక స్థాయి కింద వాయించడం. అదే నోట్, అదే రిథమ్. అలాంటప్పుడు విడిగా మెచ్చుకోవడానికి ఏముంటుంది? వినేవాడికి తేడా తెలియకపోతే అది వినేవాడి తప్పు ఎలా అవుతుంది?

ఇంకో మాట. వైట్ స్ట్రైప్స్‌లో బేసిస్టే లేడు. గిటార్, డ్రమ్స్, ఇద్దరే మనుషులు. 2003లో వచ్చిన సెవెన్ నేషన్ ఆర్మీ రిఫ్ తెలియని మనిషి ఉన్నాడా?

---

మిక్స్ బల్ల రాశారు:

ఆరో తీగ గారూ, మీరు తెచ్చిన ఉదాహరణే మీకు ఎదురు తిరుగుతుంది. ఆ రిఫ్ విని ప్రపంచంలో సగం మంది బేస్ గిటార్ అనుకున్నారు. ఆ బ్యాండ్ గిటారిస్ట్ జాక్ వైట్ మామూలు గిటార్‌నే పెడల్‌తో ఒక స్థాయి కిందికి దింపి వాయించాడు. అంటే బేసిస్ట్ లేని బ్యాండ్‌కి కూడా, అంత పెద్ద రిఫ్ కావాల్సి వచ్చినప్పుడు బేస్ శబ్దం లేకుండా కుదరలేదు.

నేను లైవ్ సౌండ్, రికార్డింగ్ రెండూ చేస్తాను. నాలుగు తీగలు గారు చెప్పింది నాకు రోజూ కనపడేదే. లెక్క చెప్తాను. మామూలు ట్యూనింగ్‌లో గిటార్ లావు తీగ సుమారు 82 హెర్ట్జ్. బేస్ లావు తీగ సుమారు 41 హెర్ట్జ్, సరిగ్గా సగం. మిక్స్ చేసేటప్పుడు మేం చాలాసార్లు గిటార్‌లో 80, 100 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేస్తాం. అక్కడ బేస్‌కీ కిక్ డ్రమ్‌కీ చోటు కావాలి. అలా కోశాక గిటార్ ట్రాక్ ఒక్కటే సోలో చేసి వింటే గిటారిస్టుల ముఖాలు మాడిపోతాయి, తుమ్మెదల గుంపు లాగా ఉంటుంది. బేస్ ఫేడర్ (శబ్దం పెంచే మీట) పైకి లేపగానే అదే గిటార్ గోడలా నిలబడుతుంది. జనం దాన్ని "హెవీ గిటార్ టోన్" అంటారు. నిజానికి వాళ్లు వింటున్నది రెండు వాయిద్యాలు కలిసిన శబ్దం.

చెవి సంగతి కూడా ఉంది. మన చెవికి కింది స్థాయి శబ్దాలు తక్కువ తెలుస్తాయి. అదే బిగ్గరతనం వినిపించాలంటే బేస్‌కి చాలా ఎక్కువ పవర్ కావాలి. గిటారిస్ట్ 50 వాట్ల ట్యూబ్ ఆంప్‌తో స్టేజ్ అదరగొడతాడు. 1969లో యాంపెగ్ కంపెనీ బేస్ కోసం తెచ్చిన ఎస్‌వీటీ ఆంప్ 300 వాట్లు, అదీ ఊరికే కాదు.

ఇక ఫోన్ స్పీకర్. 41 హెర్ట్జ్ పలికే శక్తి ఆ చిన్న స్పీకర్‌కి లేదు. అయినా మనకి బేస్ నోట్ ఏదో తెలుస్తుంది. ఎందుకంటే ఆ నోట్‌తో పాటు దాని మీద 82, 123, 164 ఇలా పైస్వరాలు పుడతాయి. వాటిలో వినపడినవాటిని బట్టి మెదడు అసలు స్వరాన్ని ఊహించి నింపుకుంటుంది. నోట్ తెలుస్తుంది, బరువు మాత్రం రాదు. ఫోన్‌లోనే పాటలు వినేవాళ్లు బేస్‌ని పట్టించుకోలేదంటే నేను వాళ్లని తప్పు పట్టను, వాళ్ల దాకా అది చేరనే లేదు.

---

డబుల్ కిక్ రాశారు:

డ్రమ్మర్ తరఫున ఒక మాట. నాకు స్టేజ్ మీద గిటార్ వినపడకపోయినా నడుస్తుంది, బేస్ వినపడకపోతే కాళ్లు ఆడవు. కిక్ కొట్టినప్పుడు వచ్చేది ఒక దెబ్బ మాత్రమే. ఆ దెబ్బకి స్వరం ఇచ్చేది బేస్. మెటల్‌లో డబుల్ కిక్ వేగం పెరిగేకొద్దీ కిక్ శబ్దం టకటకమని క్లిక్ లాగా సన్నబడుతుంది. కింద ఒళ్లు నింపేది బేసిస్టే.

ఐరన్ మెయిడెన్ వినండి. ఆ బ్యాండ్‌ని 1975లో పెట్టింది బేసిస్ట్ స్టీవ్ హారిస్. పాటల్లో ఎక్కువ భాగం ఆయన రాసినవే. గుర్రం పరుగులా సాగే ఆ రిథమ్‌ని పిక్ లేకుండా ఉత్త వేళ్లతో వాయిస్తాడు. వేళ్లు కొట్టిన తీగ ఫ్రెట్‌కి (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) తగిలి టకటకలాడే చప్పుడు రికార్డులో స్పష్టంగా ఉంటుంది. నా మొదటి బ్యాండ్‌లో రన్ టు ది హిల్స్ ఎత్తుకున్నప్పుడు నేను గిటార్‌ని పట్టుకుని వాయించి మూడుసార్లు తప్పాను. నాలుగోసారి మా బేసిస్ట్ కుడిచెయ్యి చూస్తూ వాయించాను, ఒక్కసారికి కుదిరింది.

---

పాత క్యాసెట్ రాశారు:

బేస్ గురించి మాట్లాడుతూ మెటాలికా 1988 ఆల్బమ్ ఊసెత్తకపోతే ఎలా?

అండ్ జస్టిస్ ఫర్ ఆల్ మొదటిసారి విన్నప్పుడు నా ప్లేయర్ పాడైందనుకున్నాను. ఈక్యూలో బేస్‌ని పెంచే ఎడమవైపు మీటలన్నీ పైకి తోశాను. ఏమీ మారలేదు. తర్వాత తెలిసింది, బేస్ ఉంది, మిక్స్‌లో దాదాపు వినపడకుండా చేశారని. అది బేసిస్ట్ జేసన్ న్యూస్టెడ్ ఆ బ్యాండ్‌తో చేసిన తొలి పూర్తి ఆల్బమ్. అంతకు ముందున్న క్లిఫ్ బర్టన్ 1986 సెప్టెంబర్ 27న స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో పోయాడు, 24 ఏళ్ల వయసులో. ఆ దుఃఖంలో ఉన్న బ్యాండ్, కొత్తగా వచ్చిన మనిషి, రిఫ్ వెంటే నడిచే బేస్, కింది స్థాయి (లో ఎండ్) అంతా ఆక్రమించిన గిటార్ టోన్. తిలాపాపం తలా పిడికెడు. 2018లో రీమాస్టర్ చేసినప్పుడు కూడా ఆ మిక్స్ అలాగే ఉంచేశారు. అభిమానులే కూర్చుని బేస్ పెంచి సొంత వెర్షన్లు చేసుకున్నారు.

క్లిఫ్ సంగతికి వస్తే, 1984లో వచ్చిన ఫర్ హూమ్ ది బెల్ టోల్స్ వినండి. గంటలు మోగాక పైస్థాయిలో జారుతూ దిగే ఆ పదునైన ముక్క గిటార్ కాదు, డిస్టార్షన్ వేసిన బేస్. అది తెలిసిన రోజు నేను ఆ ముప్ఫై సెకన్లు ఎన్నిసార్లు వెనక్కి తిప్పానో లెక్క లేదు. అన్నేళ్లూ ఆ ఘనత పొరపాటున గిటారిస్ట్ ఖాతాలో వేసినందుకు నిజంగా బాధపడ్డాను.

---

ఆరో తీగ రాశారు:

మిక్స్ బల్ల గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను, పాత క్యాసెట్ గారు చెప్పిందీ ఒప్పుకుంటున్నాను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. జస్టిస్‌లో బేస్ పోవడానికి ఒక కారణం అది గిటార్‌నే అనుసరించడం కదా? బరువు కోసమే అయితే సరే, ఆ బరువు విలువ నాకు తెలుసు. సంగీతపరంగా బేసిస్ట్ తన నిర్ణయంతో పాటని మార్చేది ఎక్కడ?

---

మంద్రస్థాయి రాశారు:

ఆరో తీగ గారి ప్రశ్న చాలా మంచిది. దీనికి మాటల కన్నా చేసి చూపించడం తేలిక.

రాక్, మెటల్ చాలావరకు పవర్ కార్డ్ మీద నడుస్తుంది. పవర్ కార్డ్ అంటే మన భాషలో స, ప. అంతే. గాంధారం ఉండదు. కాబట్టి అది మేజరో మైనరో గిటార్ ఒక్కటే చెప్పలేదు. ఇప్పుడు మీరు సి పవర్ కార్డ్ పట్టుకుని కదలకుండా ఉండండి. మీ దగ్గర సి, జి మాత్రమే ఉన్నాయి. మీ బేసిస్ట్‌ని కింద సి వాయించమనండి. రాయిలా స్థిరంగా ఉంటుంది. తర్వాత ఏ వాయించమనండి. మీ చెయ్యి కదల్లేదు, కానీ మొత్తం ఏ మైనర్ సెవెన్త్ అయి దిగులు ముసురుతుంది. ఏ ఫ్లాట్‌కి దిగమనండి. అదే మీ కార్డు ఇప్పుడు విశాలంగా తెరుచుకున్నట్టు, కొంచెం కలలోలా ఉంటుంది. ఇ ఫ్లాట్ పట్టుకుంటే, మీరు వదిలేసిన గాంధారాన్ని ఆయన పూరించి దాన్ని మైనర్ చేసేస్తాడు.

నాలుగు రంగులు వచ్చాయి. నాలుగూ బేసిస్ట్ నిర్ణయాలే. తంబురా శ్రుతి మారిస్తే పైన పాడే స్వరాలకి అర్థం ఎలా మారిపోతుందో ఇదీ అలాగే. పైన ఏది వాయించినా అది "ఏమిటి" అన్నది కింద నిలిచిన స్వరాన్ని బట్టే తేలుతుంది.

ఇంకోటి, బేసిస్టులు రిఫ్‌ని అనుసరించడమే కాదు, పుట్టిస్తారు కూడా. లెడ్ జెప్పెలిన్ బ్లాక్ డాగ్ రిఫ్ తెచ్చింది జాన్ పాల్ జోన్స్. బ్లాక్ సబ్బాత్‌లో గీజర్ బట్లర్ ముందు గిటారిస్టే, ఆ బ్యాండ్ కోసం బేస్ పట్టాడు. గిటారిస్ట్ టోనీ అయోమీ రిఫ్ వెనక గీజర్ తీగ లాగి వదిలే విధానం చూడండి. నోట్లు అవే, కానీ రెండో గిటార్ లేని లోటు ఎక్కడా తెలియకుండా నింపుతాడు. అయోమీ సోలోకి వెళ్లినప్పుడు కింద ఖాళీ ఎందుకు రాలేదో గమనించండి.

---

కొత్త చెవులు రాశారు:

అందరికీ నమస్కారం. నాకు ఏ వాయిద్యమూ రాదు, వినడమే. ఏడాదిగా మెటల్ వింటున్నాను. ఈ చర్చ చదివాక కొంచెం టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే నాకు బేస్ విడిగా అసలు వినపడదు. ప్రయత్నించాను, గిటార్ ఎక్కడ ఆగి బేస్ ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. ఎలా వినాలో ఎవరైనా చెప్తారా?

---

నాలుగు తీగలు రాశారు:

కొత్త చెవులు గారూ, కంగారు పడకండి, ఇది అలవాటుతో వచ్చేదే. ముందు ఫోన్ స్పీకర్ వదిలేసి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

మొట్టమొదట బేస్ ఒంటరిగా ఉన్న చోట మొదలుపెట్టండి. బ్లాక్ సబ్బాత్ 1970 తొలి ఆల్బమ్‌లో ఎన్.ఐ.బి. అనే పాట ముందు గీజర్ బట్లర్, శబ్దాన్ని "వా వా" అన్నట్టు మార్చే వా పెడల్‌తో ఒక్కడే వాయిస్తాడు. ఆ శబ్దాన్ని చెవిలో పెట్టుకోండి. తర్వాత బ్యాండ్ మొత్తం వచ్చి పడుతుంది. అప్పుడు గిటార్ వైపు వెళ్లకుండా ఆ శబ్దాన్నే పట్టుకుని వెంట నడవండి. జనంలో తెలిసిన మనిషి చొక్కా రంగు చూసుకుంటూ నడిచినట్టు. మధ్యలో తప్పిపోతే మళ్లీ మొదటికి వెళ్లండి. నాలుగైదు సార్లకి దొరుకుతుంది.

రెండోది, రిఫ్ దగ్గర వెతకొద్దు. అక్కడ రెండూ అతుక్కుని ఉంటాయి. గాయకుడు పాడే చోట, గిటార్ తగ్గిన చోట వెతకండి. గిటార్ సోలో కింద వెతకండి. అక్కడ బేస్ కాస్త ఊపిరి పీల్చుకుంటుంది.

తర్వాత టూల్ వాళ్ల స్కిజమ్, 2001. ఆ పాట ప్రధాన రిఫ్ జస్టిన్ చాన్సలర్ బేస్‌దే. అది అయ్యాక మోటర్‌హెడ్ ఏస్ ఆఫ్ స్పేడ్స్, 1980. మొదట గర్జించేది లెమ్మీ బేస్. ఆయన అంతకు ముందు రిథమ్ గిటార్ వాయించినవాడు, బేస్ మీద కూడా కార్డ్స్ కొట్టేవాడు. ఆంప్‌లో బేస్ తగ్గించి మిడ్ పెంచేవాడు. అక్కడ బేస్ కింద దాక్కోదు, నడిమధ్యన కూర్చుంటుంది.

ఇవి కుదిరాక డెత్ బ్యాండ్ 1993 ఆల్బమ్ ఇండివిజువల్ థాట్ ప్యాటర్న్స్. స్టీవ్ డి జార్జియో ఫ్రెట్లు లేని బేస్ వాయించాడు. ఫ్రెట్లు లేవు కాబట్టి స్వరం మెట్లు ఎక్కదు, జారుతుంది. అంత వేగమైన డెత్ మెటల్ మధ్యలో ఒక గొంతు మూలిగినట్టు, పాడినట్టు వినపడేది అదే. నేను బేస్ పట్టుకోవడానికి కారణం ఆ ఆల్బమే. అందరూ సోలోల గురించి మాట్లాడుకుంటున్నప్పుడు నేను కింద ఆ జారుడు విని ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకుని కూర్చున్నాను.

---

గొంతు మైక్ రాశారు:

గాయనిగా నేను చెప్పాల్సింది ఒకటుంది. స్టేజ్ మీద డిస్టార్షన్ హోరులో నాకు శ్రుతి దొరికేది బేస్ దగ్గరే. గిటార్‌లో ఇన్ని పైస్వరాలు కలగాపులగంగా ఉంటాయి, అందులో నా స్వరం వెతుక్కోవడం కష్టం. బేస్ ఒక్క నోట్ శుభ్రంగా ఇస్తుంది. మానిటర్‌లో (స్టేజ్ మీద మాకు వినిపించే స్పీకర్) నేను మొదట అడిగేది నా గొంతు, రెండోది బేస్.

అయినా ఒకసారి ఒక కార్యక్రమానికి మా బ్యాండ్ పోస్టర్ వేసినవాళ్లు ఫోటోలో చివర నిలబడిన బేసిస్ట్‌ని కత్తిరించేశారు. చోటు సరిపోలేదట. ఆ కుర్రాడు ఏమీ అనలేదు, పోస్టర్ మడిచి బేస్ కేసులో పెట్టుకున్నాడు. ఆ రాత్రి వాయించిన పాటల్లో సగం అతను రాసినవి. నాకు ఇప్పటికీ ఆ విషయం గుర్తొస్తే కడుపు రగిలిపోతుంది.

పాటలు రాసిన బేసిస్టుల మాట కూడా చెప్పుకోండి. థిన్ లిజీ ఫిల్ లైనట్ బేస్ వాయిస్తూ పాడాడు, రాశాడు. క్వీన్ అనదర్ వన్ బైట్స్ ది డస్ట్ రాసింది బేసిస్ట్ జాన్ డీకన్. రష్‌లో గెడ్డీ లీ బేస్ వాయిస్తూ, పాడుతూ, కీబోర్డ్ మీద చెయ్యేస్తూ, కాలితో పెడల్స్ తొక్కేవాడు. గాయకుడు ఓజీ ఉన్న రోజుల్లో బ్లాక్ సబ్బాత్ సాహిత్యం ఎక్కువగా గీజర్‌దే. ఓజీ నోట విన్న మాటలు బేసిస్ట్ రాసినవని ఎంతమందికి తెలుసు?

---

డబుల్ కిక్ రాశారు:

ఆ పోస్టర్ సంగతి చదివి మనసు చివుక్కుమంది, గొంతు మైక్ గారూ. ఆ తమ్ముడు ఇప్పటికీ వాయిస్తున్నాడా?

---

గొంతు మైక్ రాశారు:

వాయిస్తున్నాడండీ, మాతోనే. ఇప్పుడు ఫోటోల్లో మధ్యలో నిలబెడుతున్నాం.

---

ఆరో తీగ రాశారు:

రెండు రోజులు ఏమీ రాయలేదు, ఎందుకంటే పని చేస్తున్నాను. మా బ్యాండ్ పాత రికార్డింగ్ ఫైళ్లు తీశాను. మిక్స్ బల్ల గారు చెప్పినట్టు బేస్ ట్రాక్ మ్యూట్ చేసి విన్నాను. నేను ఎంతో గర్వపడే రిఫ్ అది. బేస్ లేకుండా నిజంగా రేకు డబ్బా మీద కొట్టినట్టుంది. తర్వాత నా గిటార్ మ్యూట్ చేసి బేస్, డ్రమ్స్ మాత్రమే విన్నాను. పాట అర్థమవుతోంది. తల ఊగుతోంది. అది ఒప్పుకోవడానికి కొంచెం సమయం పట్టింది.

మంద్రస్థాయి గారి ప్రయోగం నిన్న మా బేసిస్ట్‌తో చేశాను. నేను సి పవర్ కార్డ్ పట్టుకుని కూర్చున్నాను, అతను సి నుంచి ఏ ఫ్లాట్‌కి దిగాడు. నా చేతిలో ఉన్నది నాకే కొత్తగా వినిపించింది. ఆ రెండు స్వరాల మీదే గంటసేపు ఉండిపోయాం, ఒక కొత్త పాట ముక్క కూడా పుట్టింది.

ఇంకో మార్పు. నా ఆంప్ మీద బేస్ నాబ్ ఎప్పుడూ 8లో ఉండేది, గెయిన్ (డిస్టార్షన్ ఎంతో తేల్చే నాబ్) కూడా చాలా ఎక్కువ. నిన్న బేస్ 4కి తెచ్చాను, గెయిన్ తగ్గించాను. ఇంట్లో ఒక్కణ్ణే వాయిస్తే పలచగా ఉంది. బ్యాండ్‌తో వాయిస్తే ఇంతకు ముందెప్పుడూ ఇంత బరువుగా లేదు. ఇన్నాళ్లూ అతని చోటులో నేను నిలబడి, అతను వినపడటం లేదని అన్నాను. ఆ మాట అతనికి నేరుగా చెప్పాను.

---

మిక్స్ బల్ల రాశారు:

గెయిన్ తగ్గించిన గిటారిస్ట్‌ని చూడటం కన్నా సౌండ్ మనిషికి సంతోషం లేదు. బేసిస్టులకి కూడా ఒక మాట. కింద బరువు ఎంతున్నా, 700 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య కాస్త లేపండి. హెవీ మిక్స్‌లో మీరు ఎక్కడున్నారో చెవికి చెప్పేది ఆ భాగమే. చిన్న స్పీకర్లలో కూడా అది బతుకుతుంది. మిడ్ అంతా తవ్వేసిన బేస్ ఒంటరిగా బాగుంటుంది, బ్యాండ్‌లో మాయమైపోతుంది.

---

కొత్త చెవులు రాశారు:

దొరికింది!

ఎన్.ఐ.బి. ఆరోసారి. బ్యాండ్ వచ్చాక ఇంతకు ముందు తప్పిపోయే చోట ఈసారి తప్పిపోలేదు, చివరిదాకా వెంట నడిచాను. గిటార్ సోలో వచ్చినప్పుడు కింద ఆయన ఆగకుండా ఏదో వేరే కథ చెప్తున్నాడు. ఇన్నాళ్లూ అది అక్కడే ఉందా?

ఆ ఊపులో నాకు బాగా తెలిసిన పాటలన్నీ మళ్లీ మొదటి నుంచి వింటున్నాను. ఇప్పుడు ఐరన్ మెయిడెన్‌లో ఉన్నాను, డబుల్ కిక్ గారు చెప్పిన వేలి చప్పుడు కూడా వినపడింది. నాలుగు తీగలు గారూ, డెత్ ఆల్బమ్ ఈ రాత్రికి దాచుకున్నాను. ఏ పాటతో మొదలుపెట్టమంటారు?

---

నాలుగు తీగలు రాశారు:

మొదటి పాటతోనే. లైట్లు ఆర్పేసి, మధ్యలో ఆపకుండా చివరిదాకా వినండి. రేపు వచ్చి చెప్పండి, ఎదురుచూస్తుంటాను.